ఊగని బ్యాటరీ

బస్సు పాల్వంచ దాటి అడవి దారి పట్టేటప్పటికి దేవ్లా చేతిలో ఉన్న సరుకు ఇది. ఒళ్లో రెగ్జిన్ సంచి. సంచిలో ఖమ్మంలో కొన్న కొత్త బ్యాటరీలు, రిపేరు చేయించి తెస్తున్న వాకీటాకీ సెట్టు ఒకటి, ఇంట్లో పడుకుని ఉన్న భార్య రూప్లికి బత్తాయిలు, ఖాళీ టిఫిను డబ్బా, షాపు షట్టరు కింద ఎలుకలు దూరే సందు పూడ్చటానికి సిమెంటు పొట్లం, కాగితంలో చుట్టిన పాడు బ్యాటరీ ఒకటి. చొక్కా జేబులో ఆ షట్టరు తాళంచెవి. పొద్దున సారపాకలో బస్సెక్కినప్పుడు పాడుది పోయి మంచివి వస్తాయనుకున్నాడు. మంచివి వచ్చాయి, పాడుది పోలేదు. ఖమ్మం షాపువాడు కాగితం విప్పనైనా విప్పలేదు. ఉబ్బిన సరుకు నా కప్పు కింద పెట్టనివ్వను, తీసుకునే చోటు వెతుక్కుని ఇచ్చుకో, అప్పటిదాకా ఇసుకలో ఉంచు అని వేలి కొసతో వెనక్కి నెట్టాడు. దేవ్లాకు కోపం రాలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే తానూ అదే అనేవాడు.

ఎండ తొడ మీద పడుతోంది. సంచిని ఎండలోంచి లాగి కాళ్ల మధ్య నీడలో పెట్టుకున్నాడు. ఆలోచించి చేసిన పని కాదు, అలవాటు. బ్యాటరీకి ఎండ పడదు, ఎండలో కాగినదాన్ని తెచ్చింది తెచ్చినట్టు చార్జింగుకు పెట్టకూడదు, ముందు నీడలో చల్లారాలి. ఏన్కూరు పక్క తండాలో నాయన వానను నమ్ముకుని పత్తి వేశాడు, తాను కరెంటును నమ్ముకుని అద్దెకిచ్చే సెట్లు కొన్నాడు. సెల్‌ఫోను పలకని ఈ అడవి అంచున జామాయిల్ తోటలు నరికించే మేస్త్రీలకు సెట్టు కావాలి, కాగితం మిల్లుకు కర్ర దించే యార్డులకు కావాలి, భద్రాచలం నవమి జనంలో వాలంటీర్లకు కావాలి, క్రైస్తవుల కూటాలకు కావాలి. లైసెన్సు అక్కరలేని చిన్న సెట్లే. అద్దెకు పోయిన సెట్టు తిరిగొస్తుంది, అరిగేది బ్యాటరీ ఒక్కటే, దాన్ని చూసుకున్నవాడే ఈ వ్యాపారంలో నిలుస్తాడు. అందుకని దేవ్లా బ్యాటరీలను ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకున్నాడు. ఏ కంపెనీ బ్యాటరీకి ఆ కంపెనీ చార్జరే. కింద చెక్క బల్ల కాదు, కడప బండ. మీద గుడ్డ కప్పటం లేదు. గదిలో ఇసుక బకెట్టు. ఉబ్బినదాన్ని చార్జరు గూట్లో పెట్టటం లేదు. అన్నిటికంటే పెద్దది, చార్జింగు నడిచినంతసేపు అక్కడ ఒక మనిషి ఉండాలి. ఇందులో ఒక్కటీ తప్పలేదు. ఇవాళ కూడా తప్పలేదు. మనిషి ఉంది. రూప్లి ఉంది.

అవతలివాడు వద్దన్న సరుకును ఇంకోసారి చూసుకోకుండా ఉండలేని గుణం ఒకటి ఉంటుంది వ్యాపారం చేసేవాడికి. బస్సు మలుపులో వంగి లేచినప్పుడు దేవ్లా కాగితం విప్పాడు. నల్లటి బ్యాటరీ, నడుమ ఎర్రటి స్టిక్కర్ బొట్టు. టిఫిను డబ్బా మూత తిరగేసి దాని మీద పెట్టి, బొటనవేలితో ఒక మూల నొక్కాడు. ఉబ్బిన బ్యాటరీ కడుపు మీద నిలబడుతుంది, ఈ మూల నొక్కితే ఆ మూల లేస్తుంది. మొన్న సాయంత్రం బండ మీద పెట్టి రూప్లికి చూపిస్తే ఉయ్యాలలా ఊగింది, నీ బొజ్జ లెక్కనే ఉన్నదని ఆమె మంచం మీంచి నవ్వింది. ఇప్పుడు నొక్కాడు. ఊగలేదు. బస్సు అదురుకు తెలియటం లేదేమోనని రెండో మూల నొక్కాడు. మూతకు అతుక్కుని కూర్చున్నట్టు కూర్చుంది. ఎత్తి వేలితో కింది భాగం నిమిరాడు. నున్నగా, చదునుగా, ఏ జబ్బూ లేని బ్యాటరీ. ఏదో మంచి జరిగినట్టే అనిపించింది అతనికి ఒక్క క్షణం, పాడైందనుకున్నది బాగైనట్టు, పోయిందనుకున్నది దొరికినట్టు, ఆ తర్వాత చెమట పట్టిన వీపు సీటు నుంచి విడిపడి చల్లగా అయింది. ఉబ్బిన బ్యాటరీ బాగుపడదు. ఇది మంచిదైతే అది ఎక్కడుంది.

బొట్టు ఉందే. ఎర్రగా ఉందే. ఆ బొట్టు తానే పెట్టాడు, మార్కరు పెన్ను ఎండిపోతే మంచం పక్క అద్దానికి రూప్లి అంటించుకున్న వాటిలో ఒకటి ఒలిచి. ఆడమనిషి బొట్టు పాడు సరుకుకు పెడతావా అని రూప్లి గొణిగింది. ఎర్రగా కనపడితే చాలు అన్నాడు. కానీ ఆ జిగురు ఎంత, దాని బలం ఎంత, ఎండాకాలం మధ్యాహ్నం రూప్లి నుదుటి మీదే నిలవదు, చెంప మీదికి జారుతుంది, దిండుకు అంటుకుంటుంది, ఒకసారి తన చొక్కా భుజానికి అంటుకుని యార్డు దాకా వెళితే హమాలీలంతా నవ్వారు. అది తెలుసు కదా. తెలిసీ. రేకుల కప్పు కింద రాత్రంతా ఉబ్బినది, మంచిది ఒకదానికొకటి ఒరిగి బండ మీద ఉన్నాయి, ఉబ్బినదానికి ఒళ్లు వెచ్చగా ఉంటుంది, జిగురు కరిగింది, బొట్టు జారి పక్కదానికి అంటుకుంది. పొద్దున చీకటిగా ఉంది, కరెంటు లేదు, బస్సు వేళైంది, ఎర్రగా ఉన్నది సంచిలో వేశాడు, ఎర్రగా లేనిది చార్జరు గూట్లో పెట్టాడు. గూట్లో పెట్టినప్పుడు. దేవ్లా బొటనవేలు చూసుకున్నాడు. ఆ బ్యాటరీ బిగుతుగా దిగింది. నొక్కితే టిక్కుమంది. గూట్లో దుమ్ము చేరిందనుకుని మళ్లీ నొక్కాడు. వేలికి తెలిసింది, వేలు చెప్పింది, తాను బస్సు గురించి ఆలోచిస్తున్నాడు.

కరెంటు లేదు. అదొక్కటి ఉంది పట్టుకోవటానికి, లైన్లు బాగుచేస్తున్నారు, మధ్యాహ్నం దాకా రాదని నిన్ననే చెప్పారు. స్విచ్చి మాత్రం వేసే ఉంచాడు, వచ్చిన మరుక్షణం దానంతటదే ఎక్కనీ అని, ఒక్క ఘడియైనా వృథా కానివ్వని తన తెలివికి మెచ్చుకుంటూ. ఇప్పుడు మధ్యాహ్నమైందా, దాటిందా, బయట నీడలు చెట్ల కింద ముడుచుకుని ఉన్నాయి. లైన్‌మన్లు చెప్పిన వేళకు ఎప్పుడన్నా పని ముగించారా. ఇన్నేళ్లూ ఆ ఆలస్యాన్ని తిట్టుకున్నాడు, ఇప్పుడు అది కావాలి, ఒక్కరోజు, వాళ్లు భోజనానికి కూర్చోనీ, స్తంభం ఎక్కినవాడికి సామాను దొరకకపోనీ. చెట్లు పలచబడి ఒక గూడెం వచ్చింది. బస్సు నిదానించింది. టీ కొట్టు, కొట్టు ముందు బెంచీ, బెంచీ మీద ఎవరో పడుకుని ఉన్నాడు, వాడి పైన ఫ్యాను. దేవ్లా కిటికీ కమ్మీలకు నుదురు ఆనించి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. ఇది వేరే లైను అయి ఉండొచ్చు. ఇది సారపాక లైను కాకపోవచ్చు. అయి ఉండొచ్చు. ఫ్యాను తిరుగుతూనే వెనక్కి పోయింది.

రూప్లి. మనిషి ఉండాలన్న చోట మనిషి అని రాసుకున్న రూప్లి. ఆటో దిగుతూ పడి తుంటి నుంచి పాదం దాకా కట్టు వేయించుకున్న రూప్లి. రెండు గదుల మడిగె అది, ముందు గది షాపు, వెనక గది ఇల్లు, వెనక కిటికీ లేదు, గోడ పైన పిచ్చుక దూరేంత వెంటిలేటరు, దారి ఒక్కటే, చార్జర్ల బండ పక్క నుంచి షట్టరు దాకా. ఆ షట్టరుకు బయట తాళం. నువ్వు ఊళ్లో లేనప్పుడు సెట్లు తాళంలో ఉండాలయ్యా, ఇది అడవి అంచు, ఎవరి చేతిలో పడితే ఎవరికి తలనొప్పి అని పోలీస్ స్టేషన్‌లో మంచిగానే చెప్పారు, ఆ మాట తప్పలేదు ఎప్పుడూ. లోపల మనిషి ఉందిగా, షట్టరు కిందికి దించి వదిలేస్తానని అన్నాడు పొద్దున. రూప్లే వద్దంది. "ఏసి పో తాళం. నేనేమన్న బజారుకు ఉరికేదున్నదా?" అంది కట్టు మీద వేళ్లతో కొట్టి చూపిస్తూ. నవ్వింది. అతనూ నవ్వాడు. తాళం వేసి ఒకసారి గుంజి చూశాడు, గట్టిగా ఉంది. గట్టి తాళం. చూసి చూసి కొన్న తాళం.

ఫోను తీశాడు. సిగ్నలు గీతల చోట ఏమీ లేదు. పైకెత్తి పట్టుకున్నాడు, కిటికీ బయటికి చాపాడు, మళ్లీ చూశాడు. కండక్టరు దగ్గరికి వెళ్లి బస్సు కొంచెం జోరుగా పోనివ్వమందామనుకున్నాడు, ఎందుకని అడిగితే ఏం చెప్పాలి, బొట్టు జారిందని చెప్పాలా. ముందు పొగ వస్తుంది. తెల్లగా, ఈల వేసినట్టు చప్పుడుతో. అంతకంటే ముందు వాసన, తీపి వాసన, పండు మాగిపోయినట్టు, యార్డులో ఒకసారి చూశాడు ఒకటి అంటుకోవటం, నీళ్లు పోస్తే ఆరినట్టే ఆరి మళ్లీ భగ్గుమంది. రూప్లికి ఆ వాసన తెలియదు. బత్తాయిల వాసన అనుకుంటుందేమో. మధ్యాహ్నం గోలీ వేసుకుని మగతగా పడుకుంటుంది. నిద్రలో వాసనను ఎవరు లెక్కపెడతారు. బండ పక్కనే అద్దెకు పోయి తిరిగొచ్చిన సెట్ల అట్టపెట్టెలు, అట్టపెట్టెల పైన నవమికి కట్టిన బ్యానరు గుడ్డ, గుడ్డ పైన వైరు, వైరు పైన రేకులకు కట్టిన థర్మోకోలు, ఎండ దిగకుండా రూప్లి కోసం తానే కట్టించాడు. మంట నడిచే దారి తాను చేత్తో పరిచినట్టు కళ్లముందు ఉంది. ఇసుక బకెట్టు మాత్రం షట్టరు దగ్గర, అవతలి మూల.

బస్సు ఆగిపోయింది. మలుపులో జామాయిల్ లారీ ఒరిగి కర్రంతా రోడ్డు మీద పరుచుకుని ఉంది. జనం దిగారు, బీడీలు ముట్టించారు, ఎవరో క్లీనర్‌ను పట్టుకుని నిద్రపోయిండా మీ డ్రైవర్ అని ఆటపట్టిస్తున్నారు. దేవ్లా సంచి చంకన పెట్టుకుని నిలబడ్డాడు. నడిస్తే చేరే దూరం కాదు. పరిగెత్తినా కాదు. అప్పుడు సంచి బరువు తెలిసింది. రిపేరైన సెట్టు. ఊగని బ్యాటరీ. ఇది మంచిదే కదా, నిన్ననే ముప్పాతిక చార్జింగు ఎక్కింది కదా, మిగిలిన పావు కోసమే కదా పొద్దున మళ్లీ పెట్టాలనుకున్నది. కానీ చెయ్యి జిప్పు దగ్గరే ఆగింది. ఒకప్పుడు ఇదే దారిలో టార్చిలైటు వేసినవాణ్ని కూడా ఎవరికి సైగ చేస్తున్నావని ఇటు పోలీసులూ ఆపేవారు, అటు దళాలవాళ్లూ ఆపేవారు, తండాలో ఒకాయన పాటల రేడియో మోసుకొస్తూ దొరికి నెలల తరబడి ఇల్లు చేరలేదు. అడవిలో నిలబడి సెట్టులో మాట్లాడటమంటే ఇప్పటికీ పది కళ్లు తిరుగుతాయి. సెట్లు అద్దెకిచ్చాడు గానీ యార్డు దాటి బయట తానెప్పుడూ బటన్ నొక్కలేదు. ఆ భయాన్ని ఈ భయం పక్కన పెట్టి తూచాడు. తూకం ఎంతసేపో పట్టలేదు. కర్ర గుట్ట మీదికి ఎక్కి బ్యాటరీ బిగించి మీట తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది, దాని కిందే రూప్లి బొట్టు.

మేస్త్రీ ఏసయ్య ఈ గుట్టల మీదే ఎక్కడో తోట నరికిస్తున్నాడు. అతని దగ్గర ఒక సెట్టు, సారపాకలో మడిగెకు ఎదురు యార్డులో లారీలు చూసుకునే అతని భార్య ఇన్నమ్మ దగ్గర ఇంకొకటి. ఇక్కడి నుంచి యార్డుకు అందదు. ఏసయ్యకు అందితే అతను అందించగలడు. దేవ్లా పిలిచాడు. గరగర. మళ్లీ పిలిచాడు. కింద జనం మాటలు ఆగిపోయాయి, అందరి కళ్లూ పైకి లేచాయి. బటన్ నొక్కి ఉంచితే అవతలివాడు వినబడడు, వదిలితేనే వినబడతాడు. వదలటానికి వేలు రావటం లేదు. వదిలాడు.

"దేవ్లా సేటా? ఏంది సేటూ, అడివిల తిరుగుతున్నవ్? కిరాయి అడగనీకి ఈడిదాక వచ్చినవా?"

"నవ్వకు ఏసన్నా. మడిగెల చార్జింగు పెట్టిన బ్యాటరీ అంటుకునేటట్టున్నది. రూప్లి లోపలనే ఉన్నది, లెవ్వలేదు. ఇన్నమ్మకు చెప్పు, మెయిన్ బంద్ చేసి గడ్డపారతోని తాళం ఇరగ్గొట్టమను. జల్దీ."

గరగర. తర్వాత ఏసయ్య గొంతు, నవ్వు లేకుండా. "బయట తాళమేసినవా?"

"అవ్."

లైను ఖాళీ అయింది. ఏసయ్య ఈ చానల్ వదిలి యార్డు చానల్లో మాట్లాడుతున్నాడు, ఇన్నమ్మ మాట ఇతనికి వినబడదు. గడ్డపార దగ్గర్లో ఉందా, ఇన్నమ్మ చెవి దగ్గర సెట్టు ఉందా, భోజనానికి పోయి బల్ల మీద వదిలేసిందా. దేవ్లా నిలబడ్డ దుంగ కాలి కింద కొంచెం కదిలింది, దిగబుద్ధి కాలేదు, దిగితే అందదు. జామాయిల్ వాసన ముక్కుకు ఘాటుగా ఉంది, అది పొగ వాసన కాదని ముక్కుకు మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు. అంతలో సెట్టు పలికింది. "ఇన్నమ్మ ఉరికింది సేటూ. పొగ కనవడుతున్నదంట. షట్టరు కిందికెల్లి..." ఆ తర్వాత మూడు కూతలు, సన్నగా, పిట్ట అరిచినట్టు, తర్వాత ఏమీ లేదు. ఆ కూత దేవ్లాకు తెలుసు. బ్యాటరీ అయిపోయే ముందు సెట్టు వేసే కూత. ఏసయ్య సెట్టులో ఉన్నది పాత బ్యాటరీ, త్వరగా దిగిపోయే బ్యాటరీ. కూటాలవాళ్లు గొణుగుతారు, వాలంటీర్లు తిరిగిచ్చేస్తారు, ఏసయ్య ఏమీ అనడు, అందుకని పాతవన్నీ అతని లెక్కలో వేస్తాడు. మంచి లెక్క. ఇన్నాళ్లూ ఎక్కడా తప్పని లెక్క. షట్టరు కిందికెల్లి ఏంది. పొగనా. మంటనా. షట్టరు కిందికెల్లి ఏంది ఏసన్నా అని దేవ్లా అడుగుతూనే ఉన్నాడు, ఇతని సెట్టులో చార్జింగు ఇంకా బోలెడుంది, ఎంతసేపైనా అడగగలడు.

కర్ర పక్కకు లాగి బస్సుకు సందు చేయటానికి జనమంతా చెయ్యి వేశారు. సెట్టులో ఇతను అన్నది విన్నారు మరి, బీడీ పారేసి మరీ దుంగలు పట్టారు, కండక్టరు కూడా. బస్సు కదిలాక అతనికి ముందు సీటు ఖాళీ చేసి ఇచ్చారు. దేవ్లా కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, తాళంచెవిని పిడికిట్లో బిగించి, దాని పళ్లు అరచేతిలో దిగుతుంటే, జరిగినవాటిని కాక జరగబోయేవాటిని వరసగా చూస్తున్నాడు. రూప్లి లేకుండా ఆ మడిగె తెరవటం. రూప్లి వాళ్ల అమ్మ పూలికి చెప్పటం, లంబాడీలో చెప్పినా తెలుగులో చెప్పినా ఆ మాట ఎలా మొదలుపెట్టాలి. అద్దం మీద మిగిలిన బొట్లు. అద్దం మిగిలితే. షట్టరు కిందికెల్లి. షట్టరు కింద ఏముంది, సందు ఉంది, గడప అరిగి ఒక పక్క కుంగితే పడిన సందు, ఎలుకలు దూరి చార్జరు వైర్లు కొరుకుతున్నాయని రూప్లి పోరుతూనే ఉంది, రేపు రేపు అంటూ వచ్చాడు. ఆ సందులోంచి పొగ వస్తోందని చెప్పబోయి ఉంటాడు ఏసయ్య. అంతే అయి ఉంటుంది. పొగ అంత కిందికి దిగిందంటే లోపలంతా నిండినట్టే. దేవ్లా ఆ లెక్కను అక్కడే ఆపి ముందుకు పోనివ్వలేదు, అది పోతూనే ఉంది. మిల్లు పొగగొట్టం చెట్ల పైన కనపడింది. పక్కన ఇంకే పొగా ఉందేమోనని ఆకాశమంతా వెతికాడు, ఏది మిల్లుదో ఏది తనదో తెలియలేదు.

బజారులో జనం దారిచ్చారు. షట్టరు ఒక పక్క వంగి సగం లేచి ఉంది. లోపల నల్లగా, తడిగా, ఇంకా చిటపటలాడుతూ. రోడ్డవతల యార్డు బెంచీ మీద, ఇన్నమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఒక మనిషి పడుకుని ఉంది. కట్టు నల్లబడింది. జుట్టు ఒక వైపు ముడుచుకుపోయింది. మోచేతులు దోక్కుపోయి రక్తం. దగ్గుతోంది. దగ్గుతోందంటే. దేవ్లా చంకలోంచి సంచి జారింది, బత్తాయిలు దొర్లిపోయాయి.

అంబులెన్సు వస్తున్నదని, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోదామని ఇన్నమ్మ చెబుతోంది. తీపి వాసనకు మెలకువ వచ్చి రూప్లి మంచం మీంచి దొర్లిందట, గోడ వారగా మోచేతుల మీద పాకి, పైన మంట పోతుంటే కింద షట్టరు దాకా వచ్చిందట, బకెట్టు అందక ఆ సందుకు ముక్కు ఆనించి పడుకుందట. "నేను వచ్చేసరికి లోపలికెల్లి పిలుపు లేదన్నా," అంది ఇన్నమ్మ. "షట్టరు కిందికెల్లి వేళ్లు కనపడ్డయ్. కదులుతున్నయ్. గవి చూసి గడ్డపార ఏసిన."

రూప్లి కళ్లు తెరిచి అతన్ని చూసింది. తర్వాత సంచి వైపు చూసింది. నోరు తెరిచి ఉన్న సంచిలోంచి సిమెంటు పొట్లం కనపడుతోంది. "తెచ్చినవా?" అంది, గొంతు గరగరలాడుతూ, సెట్టులోంచి వచ్చినట్టు.

"తెచ్చిన."

ఆమె దగ్గో నవ్వో తెలియని చప్పుడు ఒకటి చేసి కళ్లు మూసుకుంది. అంబులెన్సులోకి ఎక్కించేటప్పుడు ఇతన్ని ఒక్క క్షణం పక్కకు జరగమన్నారు, స్ట్రెచర్ తిప్పాలట. ఆ ఒక్క క్షణంలో కాళ్లు అతన్ని మడిగె ముందుకు తీసుకుపోయాయి. సెట్లు పోయాయి. చార్జర్లు కరిగి కడప బండకు అంటుకుపోయాయి. జేబులో తాళంచెవి ఉంది, దానికి తాళం లేదు. సంచిలో కొత్త బ్యాటరీలు ఉన్నాయి, వాటిని పెట్టటానికి షాపులో ఒక్క సెట్టూ లేదు. సిమెంటు పొట్లం ముడి విప్పలేదు. పోయినదంతా ఒక పక్కకు నెట్టి, దక్కిందేమిటో చూసుకోవటానికి దేవ్లా గడప ముందు వంగి, షట్టరు వంగని వైపు ఇంకా అలాగే ఉన్న, రూప్లి ముక్కు ఆనించిన ఎలుకల సందులో చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్లు పట్టాయి. ఐదోది పట్టలేదు.